పాత లెక్కలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి: ఇంపోర్ట్ తప్పితే ఎక్కడ వెతకాలి, ఎలా సరిచేయాలి

ఇంటి జమాఖర్చుల కోసం తీసుకున్న కొత్త సాఫ్ట్‌వేర్ "ఇంపోర్ట్ పూర్తయింది" అంటూ పచ్చ టిక్కు చూపించింది. వరుసల సంఖ్య కూడా సరిపోయింది. తీరా సేవింగ్స్ ఖాతా తెరిస్తే అందులో నాకు లేని డబ్బుంది. క్రెడిట్ కార్డు ఖాతా చూస్తే కార్డు వాళ్లే నాకు బాకీ ఉన్నట్టు కనిపించింది. ఎనిమిదేళ్ల లెక్కల్ని ఒక ఆదివారం మధ్యాహ్నం మార్చేద్దామని మొదలుపెట్టి, మూడు వారాలు దాంతోనే కూర్చున్నాను.

ఆ టిక్కుకు అర్థం ఫైల్‌ను చదవగలిగానని మాత్రమే. సరిగ్గా చదివిందో లేదో తేల్చాల్సింది ఖాతా బ్యాలెన్స్. ఫలానా తేదీ నాటికి పాతదాంట్లో ఎంత ఉంది, కొత్తదాంట్లో ఎంత ఉంది, తేడా ఎంత? ఒక్కో రకం తప్పు ఒక్కో రకం తేడాను మిగులుస్తుంది. ఆ అంకెను చదవడం వస్తే వేల వరుసల్ని కళ్లు కాయలు కాసేలా చూడాల్సిన పని ఉండదు.

మొదటి మెట్టు: పాత సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటున్నప్పుడే చేయాల్సినవి

పాతదాని చందా రద్దు చేయకండి, దాన్ని కంప్యూటర్‌లోంచి తీసేయకండి. సాఫ్ట్‌వేర్లు కూడా మనకు చెప్పకుండా ముసలివైపోతాయి. ఇంటి లెక్కల సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ మనీ అమ్మకాలు 2009లో ఆగిపోయాయి. ఖర్చుల లెక్కలు చూసుకునే మింట్‌ను ఇంట్యూట్ కంపెనీ 2024 మార్చిలో మూసేసింది. ఎక్స్‌పోర్ట్ మీట రేపు కూడా అక్కడే ఉంటుందన్న ధీమా వద్దు.

ముందు పాతదాని సొంత ఫార్మాట్‌లో పూర్తి బ్యాకప్ తీయండి. తర్వాత ఒక కాగితం మీదో స్ప్రెడ్‌షీట్‌లోనో పట్టిక వేసుకోండి. ప్రతి ఖాతాకూ ఒక వరుస, ప్రతి సంవత్సరానికీ ఒక కాలమ్, గడిలో ఆ ఏడాది చివరి రోజు బ్యాలెన్స్. పక్కన ఆ ఖాతాలో మొత్తం లావాదేవీలు ఎన్నో కూడా రాయండి. ఈ పట్టికకు అరగంట పడుతుంది. నేను మొదటిసారి దీన్ని వదిలేశాను, ఆ మూడు వారాల్లో రెండు వారాలు అందుకే పోయాయి.

పాతదాంట్లోనే తప్పులుంటే అవి కూడా ప్రయాణం చేస్తాయి. చివరి రెండు మూడు నెలల స్టేట్‌మెంట్లతో సరిచూసి, పెండింగ్‌లో వేలాడుతున్న లావాదేవీల సంగతి తేల్చి, అప్పుడు బయల్దేరండి.

ఏ ఫార్మాట్‌లో తీయాలి?

చాలా గొడవలకు మూలం ఇక్కడుంది. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ సీఎస్‌వీ (గడులను కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైల్) ఇస్తాయి, చాలావరకు క్యూఐఎఫ్, ఓఎఫ్ఎక్స్ కూడా తీసుకుంటాయి. గ్నూక్యాష్, కేమైమనీ లాంటివి మూడింటినీ చదువుతాయి. మూడూ ఒకే సరుకును మోస్తాయనుకుంటే మాత్రం పొరపాటే.

క్యూఐఎఫ్ అనేది క్వికెన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన పాత టెక్స్ట్ ఫార్మాట్. ప్రతి వరుస ఒక అక్షరంతో మొదలవుతుంది: డీ అంటే తేదీ, టీ అంటే మొత్తం, పీ అంటే డబ్బు ఎవరికి, ఎల్ అంటే కేటగిరీ. లావాదేవీ ముగిసినట్టు ^ గుర్తు ఉంటుంది. ఒక బిల్లును మూడు కేటగిరీలుగా విడగొట్టినా ఇది మోస్తుంది, సొంత ఖాతాల మధ్య బదిలీలను కూడా మోస్తుంది. మోయనివి మూడు. లావాదేవీకి ప్రత్యేక నంబరు ఉండదు, ఏ కరెన్సీయో ఉండదు, తేదీలో రోజు ముందా నెల ముందా అన్నదీ ఉండదు.

ఓఎఫ్ఎక్స్‌ను 1997లో మైక్రోసాఫ్ట్, ఇంట్యూట్, చెక్‌ఫ్రీ కంపెనీలు కలిసి తెచ్చాయి. ఇందులో ప్రతి లావాదేవీకీ బ్యాంకు ఇచ్చిన గుర్తింపు నంబరు ఉంటుంది, తేదీ ఎప్పుడూ సంవత్సరం, నెల, రోజు వరుసలోనే వస్తుంది. చూడ్డానికి మూడింట్లో ఇదే మేలనిపిస్తుంది. అయితే ఇది బ్యాంకు స్టేట్‌మెంట్ కోసం పుట్టిన ఫార్మాట్. మీరు ఏళ్ల తరబడి కూర్చుని పెట్టుకున్న కేటగిరీలు, విడగొట్టిన బిల్లులు ఇందులో రావు.

సీఎస్‌వీలో ఏముంటుందన్నది రాసిన సాఫ్ట్‌వేర్ ఇష్టం. కాలమ్‌ల పేర్లు, వరుస, గుర్తులు ఎవరికి వారే.

అందుకే నా పద్ధతి ఇది: పాత చరిత్ర కోసం క్యూఐఎఫ్, ఇకపై బ్యాంకు నుంచి దించుకునే వాటికి ఓఎఫ్ఎక్స్, ఈ రెండూ కుదరనప్పుడు సీఎస్‌వీ.

రెండో మెట్టు: ఒక ఖాతా, మూడు నెలలు, ఖాళీ ఫైల్

అసలు ఫైల్‌లోకి నేరుగా ఇంపోర్ట్ చేయొద్దు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో "పరీక్ష" అని ఒక ఖాళీ ఫైల్ తెరిచి, ఒక్క ఖాతా నుంచి మూడు నెలల లావాదేవీలు మాత్రమే తెచ్చుకోండి. ఒక బదిలీ, ఒక రిఫండ్, ఒక విడగొట్టిన బిల్లు, కామా ఉన్న వివరణ ఒకటి, తెలుగులో రాసుకున్న నోట్ ఒకటి ఆ మూడు నెలల్లో ఉండేలా చూసుకోండి. ఈ ఐదూ సరిగ్గా దిగితే మిగతావి చాలావరకు దిగుతాయి.

తప్పు వస్తే ఆ ఫైల్ పారేసి మళ్లీ మొదలుపెట్టండి. తప్పుగా దిగినవాటిని ఒక్కొక్కటిగా చేత్తో దిద్దడం ఈ దశలో పనికిరాదు. దిద్దాల్సింది ఇంపోర్ట్ సెట్టింగ్‌నో సీఎస్‌వీనో.

తేదీలు

03/04/2023 అంటే ఏప్రిల్ మూడా, మార్చి నాలుగా? సాఫ్ట్‌వేర్ తప్పుగా ఊహిస్తే రెండు రకాల లక్షణాలు కనిపిస్తాయి. రోజు 12 దాటిన వరుసలన్నీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోవచ్చు, ఎందుకంటే పదమూడో నెల లేదు. లేదా 12 లోపు తేదీలు మాత్రం తారుమారై, మిగతావి సరిగ్గా దిగవచ్చు. రెండోదే ప్రమాదం. బ్యాలెన్స్ చివరికి సరిపోతుంది కానీ నెలవారీ రిపోర్టులన్నీ తప్పుతాయి. ఏడాది చివరి బ్యాలెన్స్‌ల పట్టిక కూడా దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రోజూ నెలా తారుమారైనా సంవత్సరం మారదు. అందుకే ఒకటి రెండు నెలల చివరి బ్యాలెన్స్‌లు కూడా పాతదాంతో పోల్చి చూడండి.

ఈ గొడవ తెచ్చిపెట్టేది ఎక్కువసార్లు స్ప్రెడ్‌షీటే. సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ మనల్ని అడగకుండానే తేదీల్ని మార్చేస్తుంది. తనకు అర్థమైన వాటిని తేదీలుగా, అర్థం కాని వాటిని ఉత్త టెక్స్ట్‌గా ఉంచుతుంది. ఆ కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపుకు, కొన్ని ఎడమవైపుకు జరిగి కనిపిస్తే అదే జరిగిందని అర్థం. ఆ ఫైల్‌ను సేవ్ చేయకండి. పాత సాఫ్ట్‌వేర్ నుంచి మళ్లీ తీసి, ఈసారి ఎక్సెల్‌లోని డేటా ట్యాబ్ నుంచి తెచ్చుకుంటూ ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గా ఎంచుకోండి. పొడవాటి ఖాతా నంబర్లకు కూడా ఇదే మందు. ఎక్సెల్ 15 అంకెలకు మించి గుర్తుంచుకోదు, ఆ పైవి సున్నాలైపోతాయి. నంబరు మొదట్లో ఉన్న సున్నాలు కూడా ఎగిరిపోతాయి.

అవకాశం ఉంటే తేదీల్ని 2023-04-03 రూపంలోకి మార్చుకోండి. సంవత్సరం ముందుంటే ఊహించడానికి ఏమీ మిగలదు. క్వికెన్ ఇచ్చిన క్యూఐఎఫ్‌లో 2000 తర్వాతి సంవత్సరాల ముందు స్లాష్ బదులు అపాస్ట్రఫీ కనిపిస్తే కంగారు పడకండి. దాని తీరే అంత. కొత్త సాఫ్ట్‌వేర్‌కు అది అర్థం కాకపోతే టెక్స్ట్ ఎడిటర్‌లో వెతికి మార్చేస్తే సరి, అయితే డీతో మొదలయ్యే వరుసల్లో మాత్రమే మార్చండి.

లావాదేవీలన్నీ ఒక్క రోజు వెనక్కో ముందుకో జరిగితే అది టైమ్ జోన్ పని. ఓఎఫ్ఎక్స్ తేదీలో సమయం కూడా ఉంటుంది, దాన్ని స్థానిక సమయంలోకి మార్చేటప్పుడు అర్ధరాత్రి దాటేస్తుంది.

మొత్తాలు, ప్లస్ మైనస్‌లు

కొన్ని సాఫ్ట్‌వేర్లు ఖర్చును మైనస్‌తో రాస్తాయి, కొన్ని జమకూ ఖర్చుకూ వేర్వేరు కాలమ్‌లు పెడతాయి. మింట్ సీఎస్‌వీలో మొత్తాలన్నీ ప్లస్‌గానే ఉండేవి. అది డెబిట్టా క్రెడిట్టా అన్నది పక్క కాలమ్ చెప్పేది. ఆ కాలమ్‌ను కలపకుండా ఇంపోర్ట్ చేస్తే ఖర్చులన్నీ ఆదాయాలైపోతాయి. స్ప్రెడ్‌షీట్‌లో కొత్త కాలమ్ పెట్టి, డెబిట్ అయితే మైనస్ అని చిన్న సూత్రం రాస్తే పని అయిపోతుంది.

క్రెడిట్ కార్డు ఇంకో తలనొప్పి. కొన్ని కార్డు ఫైళ్లలో కొనుగోలు ప్లస్, చెల్లింపు మైనస్. బ్యాంకు ఖాతాకు పెట్టిన సెట్టింగే కార్డుకు కూడా వాడితే, నాకు జరిగినట్టే, కార్డు వాళ్లే మీకు బాకీ పడతారు. ప్రతి ఖాతాకూ ఒక కొనుగోలు, ఒక రిఫండ్ చూసి నిర్ధారించుకోండి.

మిగతావి త్వరగా: 1,00,000.00 లో కామాలు కొన్ని ఇంపోర్టర్లకు నచ్చవు, తీసేయండి. కొన్ని దేశాల ఫైళ్లలో దశాంశానికి చుక్క బదులు కామా ఉంటుంది, దాన్ని గమనించకపోతే 45,50 కాస్తా 4550 అవుతుంది. నెగెటివ్ మొత్తాన్ని బ్రాకెట్లలో రాసే అలవాటు అకౌంటెంట్లది, దాన్ని మైనస్‌గా మార్చాలి. చూడ్డానికి మైనస్‌లాగే ఉన్నా వేరే కోడ్ ఉన్న గీత కొన్ని ఫైళ్లలో వస్తుంది. "చెల్లని సంఖ్య" అన్న ఎర్రర్ ఎందుకో అంతుపట్టకపోతే ఆ గీతను తీసి కీబోర్డు మీది మైనస్ కొట్టి చూడండి.

అక్షరాలు చెదిరితే

తెలుగులో రాసుకున్న నోట్లు టోపీలూ తోకలూ ఉన్న లాటిన్ అక్షరాల గుంపుగా కనిపిస్తే భయపడక్కర్లేదు. ఫైల్ యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో (అక్షరాలను కంప్యూటర్ కోడ్‌గా దాచే పద్ధతిలో) ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని పాత విండోస్ ఎన్‌కోడింగ్‌గా చదివిందంతే. ఇంపోర్ట్ తెరలో ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8గా ఎంచుకుంటే తెలుగు మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ఫైల్‌ను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచినా వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తున్నాయంటే మాత్రం ఎక్స్‌పోర్ట్ అప్పుడే అక్షరాలు పోయాయి, అక్కడ తిరిగి తెచ్చేదేమీ లేదు. పాతదాని నుంచి వేరే ఎన్‌కోడింగ్‌లో మళ్లీ తీయాలి.

ఇంకో వింత. అన్ని కాలమ్‌లూ దొరుకుతాయి, మొదటిది మాత్రం "లేదు" అంటుంది. యూటీఎఫ్-8 ఫైల్ మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు (బీఓఎమ్) ఉండొచ్చు, అది మొదటి శీర్షికకు అతుక్కుపోతుంది. ఎడిటర్‌లో "బీఓఎమ్ లేకుండా" సేవ్ చేస్తే పోతుంది.

కాలమ్‌లు ఒక్క వరుసలో మాత్రమే పక్కకు జరిగితే ఆ వరుస వివరణలో కామా ఉందేమో చూడండి. కామా ఉన్న గడి కొటేషన్ గుర్తుల మధ్య ఉండాలి. నోట్‌లో ఎంటర్ కొట్టి రెండు లైన్లు రాసుకునే అలవాటున్నవాళ్లకు ఒక లావాదేవీ రెండు వరుసలుగా విరిగిపోవచ్చు. ఆ అలవాటు నాకూ ఉండేది.

మూడో మెట్టు: బదిలీలు

అసలు చిక్కు ఇదే, ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. సేవింగ్స్ నుంచి కార్డు బిల్లు 5,000 కట్టారనుకోండి. జరిగింది ఒకటే అయినా అది సేవింగ్స్ ఫైల్‌లో ఒకసారి, కార్డు ఫైల్‌లో ఒకసారి ఉంటుంది. సేవింగ్స్ ఫైల్ ఇంపోర్ట్ చేసినప్పుడు, దీన్ని బదిలీగా గుర్తించిన కొత్త సాఫ్ట్‌వేర్ రెండు ఖాతాల్లోనూ రాసేస్తుంది. తర్వాత కార్డు ఫైల్ తెచ్చేసరికి ఇంకోసారి రాస్తుంది. ఇప్పుడు బిల్లు రెండుసార్లు కట్టినట్టు. తేదీలు ఒకటే అయితే జోడీ కట్టగలదు, కానీ డబ్బు 30న బయటికి వెళ్లి 2న కార్డుకు చేరితే అవి వేర్వేరనుకుంటుంది.

క్యూఐఎఫ్‌లో బదిలీని గుర్తుపట్టడం తేలిక. కేటగిరీ వరుసలో ఖాతా పేరు చతురస్ర బ్రాకెట్ల మధ్య ఉంటుంది. ఆ పేరు కొత్త సాఫ్ట్‌వేర్‌లోని ఖాతా పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక ఖాళీ ఎక్కువైనా అదే పేరుతో ఇంకో ఖాతా పుట్టుకొస్తుంది. ఇంపోర్ట్ తర్వాత ఖాతాల జాబితాలో ఎప్పుడూ చూడని ఖాతా కనిపిస్తే కారణం అదే.

సీఎస్‌వీతో వెళ్లేవాళ్లకు నేను చెప్పే ఉపాయం మధ్యలో ఒక తాత్కాలిక ఖాతా పెట్టడం. దానికి "బదిలీల గది" అని పేరు పెట్టుకోండి. ప్రతి ఫైల్‌లోనూ బదిలీలన్నిటికీ గమ్యంగా ఈ గదినే చూపించండి. సేవింగ్స్ ఫైల్ 5,000ను గదిలోకి పంపుతుంది, కార్డు ఫైల్ గదిలోంచి 5,000 తీసుకుంటుంది. ఎవరూ ఎవరి ఖాతాలోనూ రెండోసారి రాయరు, తేదీలు కలవకపోయినా ఫర్వాలేదు. అన్ని ఖాతాలూ దిగాక గది బ్యాలెన్స్ సున్నా రావాలి. రాకపోతే మిగిలిన మొత్తమే దారి చెబుతుంది: 1,200 మిగిలితే, 1,200 బదిలీ ఒకటి ఒక వైపు మాత్రమే వచ్చి ఉంటుంది. తర్వాత తీరిక ఉంటే జోడీలను కలిపి గదిని మూసేయొచ్చు. నాది ఇంకా అలాగే ఉంది, దానివల్ల ఏ ఇబ్బందీ లేదు.

ఓపెనింగ్ బ్యాలెన్స్

లావాదేవీలన్నీ వచ్చినా ఖాతా మొదలైన రోజు మొత్తం రాకపోవచ్చు. సీఎస్‌వీ ఎక్కువగా దాన్ని మోయదు. ఇంకో రకం తప్పు: కొత్త ఖాతా తెరిచేటప్పుడు "ప్రస్తుత బ్యాలెన్స్ ఎంత?" అని అడిగితే ఈ రోజుది ఇచ్చేస్తాం, దాని మీద ఎనిమిదేళ్ల లావాదేవీలు వచ్చి పడతాయి. తెరిచేటప్పుడు సున్నా ఇవ్వండి. ఇంపోర్ట్ అయ్యాక, చివరి బ్యాలెన్స్ నుంచి లావాదేవీల మొత్తాన్ని తీసేస్తే వచ్చేదే ఓపెనింగ్ బ్యాలెన్స్. దాన్ని మొదటి లావాదేవీకి ముందు రోజు తేదీతో రాయండి.

నాలుగో మెట్టు: తేడాను చదవడం

ఇప్పుడు పట్టిక బయటికి తీయండి. ఖాతాకు ఖాతా, ఏడాదికి ఏడాది కొత్త బ్యాలెన్స్‌లతో పోల్చండి.

తేడా అన్ని ఏళ్లలోనూ ఒకేలా ఉంటే ఓపెనింగ్ బ్యాలెన్స్‌ను అనుమానించండి. ఏదో ఒక ఏడాది నుంచి మొదలై అక్కడి నుంచి అంతే ఉంటే, ఆ ఏడాదిలో ఒకే ఒక్క లావాదేవీ తేడా పడి ఉంటుంది. ఏడాదికేడాదీ పెరుగుతూ పోతే అది సెట్టింగ్ తప్పు. ప్లస్ మైనసో, రెండింతలవుతున్న బదిలీలో అయి ఉంటుంది. అక్కడ ఒక్కో లావాదేవీని వెతకడం దండగ, మళ్లీ ఇంపోర్ట్ చేయడమే నయం.

ఒక్క లావాదేవీయే అయితే దాన్ని పట్టుకోవడం తేలిక. పాతదాంట్లో 48,250, కొత్తదాంట్లో 49,750 అనుకుందాం. తేడా 1,500. ముందు 1,500 ఖర్చు ఏదైనా రాకుండా పోయిందేమో, లేదా 1,500 జమ రెండుసార్లు పడిందేమో చూడండి. దొరక్కపోతే తేడాను సగం చేసి 750 కోసం వెతకండి. 750 ఖర్చు కాస్తా జమగా దిగితే బ్యాలెన్స్ సరిగ్గా 1,500 పెరుగుతుంది. నా అనుభవంలో ఈ సగం లెక్క తిరిగొచ్చిన రిఫండ్ల దగ్గర ఎక్కువగా పనిచేసింది.

వెతికే పరిధి పెద్దదైతే సగం సగం చేసుకుంటూ వెళ్లండి. జూన్ చివరికి సరిపోయిందా? అయితే తప్పు రెండో సగంలో ఉంది. సెప్టెంబరు చివరికి? ఇలా ఐదారు పోలికల్లో వారం దాకా చేరుకుంటారు.

తేడా తొమ్మిదితో భాగింపబడితే అంకెలు తారుమారై ఉండొచ్చని అకౌంటెంట్లు అంటారు: 540 బదులు 450 రాస్తే తేడా 90. ఇంపోర్ట్‌లో ఇలా జరగదు, మీరు మధ్యలో చేత్తో టైప్ చేసిన చోట వెతకండి.

డూప్లికేట్లు, గీత తేదీ

పాత సాఫ్ట్‌వేర్ చరిత్ర ఎక్కడ ఆగాలో, బ్యాంకు నుంచి నేరుగా దించుకునేది ఎక్కడ మొదలవ్వాలో ఒక గీత గీయండి. నెల చివరి రోజైతే మంచిది. రెండూ కాస్త ఒకదానిమీదొకటి పడితే, అదే ఖర్చు పాతదాంట్లో మీరు పెట్టుకున్న ముద్దు పేరుతో, బ్యాంకు ఫైల్‌లో అంకెలూ కోడ్‌లూ కలగలిసిన పేరుతో వస్తుంది. సాఫ్ట్‌వేర్ రెండూ వేరనుకుంటుంది.

దీనికి తిరగేసిన సమస్య కూడా ఉంది. ఒకే రోజు ఒకే ధరకు రెండు బస్సు టికెట్లు కొంటే, గుర్తింపు నంబరు లేని సీఎస్‌వీలో రెండోదాన్ని డూప్లికేట్ అనుకుని వదిలేసే సాఫ్ట్‌వేర్లున్నాయి. పాత చరిత్రను ఖాళీ ఖాతాలోకి తెచ్చేటప్పుడు డూప్లికేట్ల తనిఖీని ఆపేయండి. గీత దాటాక మళ్లీ ఆన్ చేయండి.

కేటగిరీలు, విడగొట్టిన బిల్లులు, పెట్టుబడులు

కేటగిరీల పేర్లను ఇంపోర్ట్‌కు ముందే ఒక జాబితాగా తీసి, పాత పేరుకు ఎదురుగా కొత్త పేరు రాసుకోండి. చివర ఖాళీ ఉన్నవి, స్పెల్లింగ్ తేడా ఉన్నవి అక్కడే కనిపిస్తాయి. విడగొట్టిన బిల్లు సీఎస్‌వీలో మూడు విడి వరుసలుగా వస్తే మొత్తానికి నష్టం లేదు. మూడు వరుసలతోపాటు మొత్తం వరుస కూడా వస్తే మాత్రం ఖర్చు రెండింతలవుతుంది, ఆ మొత్తం వరుసను తీసేయాలి.

పెట్టుబడుల పాత చరిత్రను మోసుకురావడానికి నేను ఒప్పుకోను. షేర్ల విభజనలు, తిరిగి పెట్టుబడి పెట్టిన డివిడెండ్లు ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి శుభ్రంగా దిగడం అరుదు. గీత తేదీ నాటికి ఎన్ని యూనిట్లున్నాయి, ఏ తేదీన ఏ ధరకు కొన్నారు అన్నవి ఒక్కో కొనుగోలుకు ఒక్కో వరుసగా చేత్తో ఎక్కించండి. కొన్న ధర లేకపోతే రేపు అమ్మినప్పుడు లాభం లెక్క తేలదు.

చివరి మెట్టు: ఒక నెల రెండిట్లోనూ

పరీక్ష ఫైల్‌లో అంతా సరిపోయాక, అవే సెట్టింగులతో అసలు ఫైల్‌లోకి ఒక్కో ఖాతాగా ఇంపోర్ట్ చేయండి. ప్రతి ఖాతా తర్వాత బ్యాకప్, దాని పేరులో ఖాతా పేరు. ఐదో ఖాతా చెడితే నాలుగో బ్యాకప్‌కు వెనక్కి వెళ్తే చాలు.

ఒక నెల పాటు కొత్త ఖర్చులను రెండిట్లోనూ రాయండి. విసుగే, కానీ స్టేట్‌మెంట్ వచ్చిన రోజు రెండూ దాంతో కలిస్తే పాతదాన్ని ఆపేయొచ్చు. ఆపేముందు అందులోంచి ఏడాదికొక పీడీఎఫ్ రిపోర్టు తీసి బ్యాకప్ పక్కన పెట్టండి. దాని సొంత ఫార్మాట్ బ్యాకప్‌ను తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి, పీడీఎఫ్‌కు అది అక్కర్లేదు.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో మిగిలిన సీఎస్‌వీలు, క్యూఐఎఫ్‌లు కూడా మర్చిపోకండి. అవి తాళం లేని ఫైళ్లు, మీ ఖర్చుల చిట్టా అంతా ఎవరైనా చదివేలా అందులో ఉంటుంది. ఫార్మాట్ మార్చిపెడతామనే ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లకు వాటిని ఎక్కించొద్దు. పని అయ్యాక ఒక కాపీని పాస్‌వర్డ్ ఉన్న జిప్‌లో పెట్టి, మిగతావి రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయండి.